గులాబీ కింద కన్నం

దర్జీ కొట్టు, కుట్టుమిషను పక్కన
ఆగస్టు, రెండో ఆదివారం

మరదలు పిల్లకి,

నలభై దాటినదాన్ని పిల్ల అన్నానని మురిసిపోకు. పనిపడింది కనక అన్నాను.

ఫోను పెట్టుకుని ఉత్తరమేమిటి బావా అని నువ్వు అడిగేలోపే చెప్పేస్తాను. మీ ఇంటికి ఫోను చేస్తే ఎత్తేది మా అత్త. నీ సెల్లుకి చేస్తే పక్కనే కూచుని ఎవరే అని అడిగేది కూడా మా అత్తే. ప్రెస్సుకి చేస్తే మిషన్ల హోరులో నీకు వినపడేది సగం, నువ్వు అర్థం చేసుకునేది అందులో సగం. అందుకని ప్రెస్సు చిరునామాకే రాస్తున్నాను. ఇంటికి తీసుకెళ్ళకు. చదివి అక్కడే సొరుగులో పారెయ్యి.

మీ అమ్మ నాతో మాట్లాడి నలభై మూడేళ్ళయింది. మా ఇంటికి వస్తుంది, నా కుర్చీలోనే కూచుంటుంది, నేను పెట్టిన టీ తాగుతుంది, మాట మాత్రం గోడతో. ‘పంచదార తక్కువైందని ఆ కత్తెరకి చెప్పండి’ అంటుంది గోడకేసి చూసి. గోడ ఎటూ చెప్పదు కనక నేనే విని, చెంచాడు వేసి కలిపిస్తాను. కత్తెర అని నాకు పేరు పెట్టింది ఆవిడే, నా పదో ఏట. ఎనిమిదో తరగతిలో బడి నన్ను వదిలించుకున్నాక, పెట్టిన పేరుకి అన్యాయం చెయ్యకూడదని దర్జీనయ్యాను.

ఇక పని సంగతి. మా అమ్మాయి కొత్త కంప్యూటరు తెచ్చుకుని పాతది నా కొట్టులో పడేసింది. అందులో ఫోటోలు కత్తిరించి అతికించే సాఫ్ట్‌వేరు ఒకటుంది. మూణ్ణెల్లుగా గుండీలు కుట్టడం మానేసి దానిమీదే ఉన్నాను. మొదటి ప్రయోగం ఎదుటి సెలూన్ ఆయన మీద చేశాను. ఆయన తల తీసి బురదలో పడుకున్న నీటిగుర్రానికి అతికించి, ప్రింటు తీసి ఆయన అద్దానికే అంటించి వచ్చాను. గడ్డం గీయించుకుంటున్నవాళ్ళు నవ్వి నవ్వి రెండు చోట్ల తెగ్గోయించుకున్నారు. ఆయన తన కసి ఆ వారం నాకు క్రాపు చేసినప్పుడు చూపించాడు. ఇంటికెళ్తే మా ఆవిడ, అదే మీ అక్క, తలుపు తీసి, ఎవరు కావాలండీ అంది.

నవంబరులో అత్తకి అరవై అయిదు నిండుతాయి గదా. మనవాళ్ళ ఫోటోలన్నీ కలిపి మీ ఇంటి హాల్లో గోడకి పెట్టేంత కొలాజ్ చేస్తున్నాను. ఆవిడ మాట్లాడేది గోడతోనే కనక ఆ గోడ మీద నేను చేసింది ఉంటే, చచ్చినట్టు దానికేసే చూసి మాట్లాడాలి. చూసి చూసి ఎప్పటికైనా నా మొహం చూసి ఒక్క మాట, తిట్టైనా సరే, అంటే చాలు. ఈ బావ కోరిక అంతే.

ప్రింటు జతచేశాను. యాభై రెండు ఫోటోలు పట్టించాను, చూశావా. కొట్టులో ఒక్క పేలిక పారెయ్యనివాణ్ణి, ఫోటో పారేస్తానా. ఎలా ఉందో చెప్పు. బాగుందని అబద్ధం చెప్పినా ఏమీ అనుకోను.

నీ బావ


ప్రెస్సు, మేడమీద, కిటికీ పక్క బల్ల
ఆగస్టు, చివరి బుధవారం

బావకి,

అబద్ధం చెప్పమన్నావు కాని, ఇరవై ఏళ్ళుగా క్యాలెండర్లూ పుస్తకాల అట్టలూ దిద్దుతున్నదాన్ని, నా పెన్ను ఒప్పుకోలేదు. నీ ప్రింటు వెనక్కి పంపుతున్నాను. ఎర్రగా ఉన్నదంతా తప్పులే. ఎర్రగా లేని చోట కూడా తప్పులున్నాయి, సిరా అయిపోయింది.

యాభై రెండు మంది సంతకి వెళ్ళే బస్సులో అయితే సరిపోతారు, గోడ మీద కాదు. ఎవరి మోచెయ్యి ఎవరి మొహం మీదుందో తెలియట్లేదు. ఏడు చాలు. ఒకటి పెద్దది, మధ్యలో. ఆరు చిన్నవి, చుట్టూ. ప్రతి రెండిటికీ మధ్య ఒకటే ఖాళీ ఉంచు, కుట్టుకీ కుట్టుకీ మధ్య ఉంచినట్టు. చుట్టూ పెట్టిన పువ్వులూ నక్షత్రాలూ తీసెయ్యి. ‘హ్యాపీ బర్త్‌డే’ని ఏడు రంగుల్లో, ఏడు రకాల అక్షరాల్లో రాశావు. చదివితే ఏడుగురు ఒకేసారి అరుస్తున్నట్టుంది.

మామయ్య తల చుట్టూ తెల్లటి గీత ఎందుకుంది? కత్తిరించినప్పుడు వెనకటి గోడ ముక్క అంటుకుని వచ్చింది. అంచుని లోపలికి రవ్వంత జరిపి, మెత్తబరచు. నువ్వు బట్టలో ఏం చేస్తావో నాకు తెలీదు కాని, ఫోటోలో అంచు గీసినట్టుంటే అతుకని తెలిసిపోతుంది. మా నాన్నని చిన్న ఫోటోలోంచి తీసి నాలుగింతలు సాగదీశావు. పాపం ఆయన ముక్కు మెట్లు మెట్లుగా వచ్చింది. చిన్న ఫోటో సాగదు బావా. అసలు ఫోటో తీసుకుని స్కానర్లో పెద్ద సైజుకి పెట్టి స్కాన్ చేయించు.

అన్నిటికంటె ముఖ్యం, వెలుతురు. ఒకడి మీద ఎండ కుడినుంచి, ఇంకొకడి మీద ఎడమనుంచి పడుతోంది. మీ ఊళ్ళో సూర్యుళ్ళు ఎంతమంది? పెద్ద ఫోటోలో వెలుతురు ఎటునుంచి వస్తోందో చూసి, మిగతావన్నీ దానికి కలుపు.

పెద్ద ఫోటో అంటే గుర్తొచ్చింది. ఆ మధ్యలోది, మీ పాత ఇంటి మెట్ల మీద తీసిన గ్రూపు ఫోటో. అమ్మమ్మ, మామయ్య, అత్తయ్య, మీ చిన్నాన్న, అందరూ కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. ఆ ఫోటో నేనెప్పుడూ చూడలేదు. అమ్మమ్మ నవ్వుతున్న ఫోటో అసలే చూడలేదు. అయితే అమ్మమ్మ పక్కన, మనిషి తల ఉండాల్సిన చోట, క్యాబేజీ అంత గులాబీ పెట్టావు.

ఆ గులాబీ కింద ఏముంది?

నీ మరదలు


దర్జీ కొట్టు
సెప్టెంబరు, మొదటి శుక్రవారం, కరెంటు పోయింది

మరదలికి,

నీ ఎర్ర పెన్ను చూసి మీ అక్క నా మూడో తరగతి పరీక్ష కాగితం దొరికిందేమో అనుకుంది.

చెప్పినవన్నీ చేశాను. నలభై అయిదు ఫోటోలు తీసేశాను. మా చిన్నాన్నని తీసెయ్యడానికి మనసొప్పలేదు కాని ఆయన నాలుగు ఫోటోల్లోనూ తింటూనే ఉన్నాడు. అంచుల సంగతి నువ్వు చెప్పక్కర్లేదు, ఎన్ని వేల అంచులు మడిచి కుట్టానో నీకు తెలీదు. సాఫ్ట్‌వేరులో పొరలంటే నాకు మొదట అర్థంకాలేదు. తర్వాత తెలిసింది, కోటుకి అస్తరు వేసినట్టే. పైది కదిపితే కిందది కదలకూడదు, అంతేగా. అన్నిటికంటె నాకు నచ్చింది వెనక్కి వెళ్ళే బటను. తప్పు కత్తిరిస్తే ఒక్క నొక్కుకి మళ్ళీ అతుక్కుంటుంది. నలభై ఏళ్ళుగా కత్తెర పట్టినవాడికి ఆ బటను చూస్తే ఏమనిపిస్తుందో నీకు చెప్పినా తెలీదు. ఒకరోజంతా కత్తిరించడం, వెనక్కి నొక్కడం, కత్తిరించడం, వెనక్కి నొక్కడం, అదే పని. ఆ రోజు ఇవ్వాల్సిన ప్యాంటు ఇప్పటికీ ఒక కాలుతో ఉంది.

గులాబీ కింద ఏముందని అడిగావు. కన్నం ఉంది. మీ అమ్మ తలంత కన్నం. అసలు ఫోటోలోనే ఉంది.

కథ చిన్నదే. నాకు పదేళ్ళు. ఊళ్ళో కుస్తీ పోటీలకి పోస్టర్లు అంటించారు. అందులో ఒక వస్తాదు ఉండేవాడు, తొడ కొడుతూ. వాడి తల నాకు నచ్చలేదు. మా గ్రూపు ఫోటోలోంచి అత్త తల కత్తిరించి, మైదా జిగురు పెట్టి వాడికి అతికించి, మా ఇంటి గేటుకే అంటించాను. వీధి వీధంతా వచ్చి చూసింది. మర్నాడు వాన కురిసి, వస్తాదూ అత్తా కలిసి మురుక్కాలవలో పోయారు. ఆ రోజునుంచి గోడతోనే మాట. ఒక వేళాకోళానికి నలభై మూడేళ్ళ శిక్ష ఎవరికైనా ఉందా, నువ్వే చెప్పు.

ఏమైనా, ఇప్పుడు తల దొరికింది. కన్నం పూడ్చాను. ప్రింటు చూడు. అచ్చం మా అత్తే.

నీ బావ


ప్రెస్సు, మేడమీద
సెప్టెంబరు, మూడో వారం

బావా,

అది మా అమ్మ కాదు, నేను. నా కాలేజీ ఫోటో. ఆ పైపన్ను పక్కకి తిరిగి ఉండటం మా ఇంట్లో నా ఒక్కదానికే. నా తల తెచ్చి అమ్మమ్మ పక్కన కూచోబెట్టి, మా అమ్మకే పుట్టినరోజు కానుక ఇద్దామనుకున్నావు. గుర్తుపట్టదనుకున్నావో, గుర్తుపట్టి నవ్వుతుందనుకున్నావో. ఈ వయసులో కూడా నీ బుద్ధి ఆ గేటు దగ్గరే ఉంది.

సరే, దిద్దాను. ఈసారి ఆకుపచ్చ సిరా చూసి కంగారుపడకు, నా ఎర్ర పెన్ను ఎవరో పట్టుకుపోయారు. చెప్పినవి ఒక్కొక్కటీ చెయ్యి.

మొదటిది, కత్తిరించడం మానెయ్యి. మాస్క్ అని ఒకటుంది, ముసుగులాంటిది. అక్కర్లేని భాగం మీద కప్పు. కత్తిరించింది పోతుంది, కప్పింది కావాలన్నప్పుడు బయటికొస్తుంది. నీలాంటివాళ్ళ కోసమే ఎవరో కనిపెట్టి ఉంటారు.

రెండోది, మెడ. నువ్వు గుండ్రం కాలరు పెట్టావు. ఆ రోజు వేసుకున్న జాకెట్టుకి కాలరు లేదు, మెడ చుట్టూ రెండు వరసల కుట్టు, కుడి భుజం దగ్గర దారం రంగు కొంచెం తేడా. చివర్లో దారం అయిపోతే వేరే కండెతో పూర్తి చేశారు.

మూడోది, చెవి కింద చిన్న పుట్టుమచ్చ ఉండాలి.

నాలుగోది అందరికంటె నువ్వే ముందు చూడాల్సింది. అమ్మమ్మ చెయ్యి. కుడిచెయ్యి చాపి పక్కనున్న మనిషి బుగ్గ పట్టుకుని ఉంది. బొటనవేలూ చిటికెనవేలూ ఉన్నాయి. మధ్య మూడు వేళ్ళూ నువ్వు తలతోపాటే కత్తిరించేశావు. ఆ మరుసటి ఏడే అమ్మమ్మ పోయింది, ఇంకో ఫోటో దిగలేదు. నీ ఉత్తరం వచ్చాక అమ్మని ఊరికే అడిగినట్టు అడిగాను, ఆ కత్తెరతో మాట్లాడకపోవడానికి కారణం వస్తాదేనా అని. వస్తాదు తనకే నచ్చాడంది. నవ్వొచ్చిందిట కూడా. ‘మా అమ్మ చెయ్యి కత్తిరించాడే’ అంది, అంతే, లేచి వెళ్ళిపోయింది.

అదీ సంగతి. నువ్వు నలభై మూడేళ్ళుగా తలకి శిక్ష పడిందనుకుంటున్నావు. పడింది వేళ్ళకి.

ఇంకొక మాట. ఇరవై రెండేళ్ళ అమ్మాయి తల వస్తాదుకి పెట్టాలని పదేళ్ళవాడికి ఎందుకు తోచింది? ఊళ్ళో వాళ్ళ ఫోటోలు లేవా, మీ మాస్టారి ఫోటో లేదా? నీ కథలో ఏదో కప్పేశావు బావా. అది కూడా మాస్కేనా?

అమ్మ టైపు పరీక్ష హాల్‌టికెట్టు ఫోటో స్కాన్ చేసి పంపుతున్నాను. ఆ వయసుదే.

నీ మరదలు


దర్జీ కొట్టు
అక్టోబరు, మొదటి వారం

మరదలికి,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. వేళ్ళ సంగతి చదివాక రెండు రోజులు కంప్యూటరు మీద గుడ్డ కప్పేసి ఉంచాను. ఇన్నేళ్ళూ ఆ ఫోటోని నేనూ చూశాను. కన్నమే చూశాను. కన్నం అంచున ఏముందో చూడలేదు.

తర్వాత గుడ్డ తీశాను. హాల్‌టికెట్టు ఫోటో పెట్టాను. ఆ ఫోటోలో అత్త పోలీసుల ముందు నిలబడ్డట్టుంది. చుట్టూ అందరూ విరగబడి నవ్వుతుంటే మధ్యలో ఆవిడ ఒక్కతీ, ఈ ఇంట్లో ఎవరు చచ్చారని అడుగుతున్నట్టు. పెదవులు లాగే పనిముట్టు ఒకటుందిగా, దాంతో చివర్లు రెండూ పైకి లాగాను. కప్పకి జలుబు చేసినట్టు వచ్చింది. మళ్ళీ దించాను. మీ అక్క వెనకనుంచి చూసి, మీ అత్తని బతికుండగానే ఇంత హింస పెట్టాలా అంది.

ఇక నువ్వడిగింది. ఒట్టేసి చెప్పు, అత్తకి చెప్పనని. వేశావా. సరే.

ఆ వారంలో అత్త వెళ్ళిపోతోంది. టైపు పరీక్ష పాసై వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. ఇంట్లో అందరూ సంతోషంగా పెట్టె సర్దుతున్నారు. నాకు జోళ్ళు తొడిగింది, గుండీలు పెట్టింది, చొక్కా చిరిగితే మా అమ్మకి తెలియకుండా కుట్టింది, అన్నీ ఆవిడే. సూదిలో దారం ఎక్కించడం నాకు నేర్పింది ఆవిడే. ఆవిడ వెళ్తుంటే నాకు ఒక మొహం కావాలనిపించింది. జామెట్రీ బాక్సులో పెట్టుకోవడానికి. అంతే. గోడమీద ఫోటో దించి, సరిగ్గా మొహం చుట్టూ కత్తిరించి, బాక్సులో సరిపోతుందా లేదా అని చూస్తుండగా మా చిన్నాన్న వచ్చాడు. కత్తెర ఉంది, ఫోటో ఉంది, మొహం నా చేతిలో ఉంది. ఏం చేస్తున్నావురా అన్నాడు.

అత్త వెళ్తోందని ఏడుపొచ్చి కత్తిరించానని పదేళ్ళ మగపిల్లాడు చెప్తాడా? వేళాకోళం చేద్దామని అన్నాను. అన్నాక చెయ్యాలిగా. అప్పుడు వెళ్ళి వస్తాదుని వెతికాను. దొంగతనమైతే ఏడవాలి, వేళాకోళమైతే నవ్వొచ్చు. ఆ రోజునుంచి నేను నేర్చుకున్న విద్య ఇదొక్కటే. ఇప్పటికీ అదే చేస్తున్నాను, సెలూన్ ఆయన్ని అడుగు.

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చదివి సొరుగులో కాదు, చింపెయ్యి.

వేళ్ళెలా తేవాలో నాకు తెలియట్లేదు. బొటనవేలు తీసి తిప్పి మూడుసార్లు పెట్టి చూశాను. చెయ్యి అరటిగెలలా అయింది. నువ్వే ఏదైనా చెప్పు.

బావ


ప్రెస్సు
అక్టోబరు, మూడో సోమవారం

బావా,

పెద్ద ఉత్తరం రాయను. పనుంది.

రెండు పంపుతున్నాను. ఒకటి, అమ్మ నన్ను ఎత్తుకుని ఉన్న పాత ఫోటో. నేను ఏదో చేశాను, పక్కకి తిరిగి నవ్వుతోంది. తల వంపు నీకు కావలసినట్టే ఉంది. వెలుతురు కూడా ఎడమనుంచే. ఇంత నవ్విన ఫోటో ఇంట్లో ఉందని నాకే తెలీదు, బట్టల బీరువాలో కాగితం కిందనుంచి వచ్చింది.

రెండోది చెయ్యి. కిటికీ పక్కన, ఎడమనుంచి వెలుతురు పడేట్టు, దిండుని బుగ్గ అనుకుని పట్టుకోమని చెప్పి తీశాను. పద్నాలుగు ఫోటోలు. అమ్మ చెయ్యి. అమ్మమ్మకి ఆ ఫోటోలో ఎంత వయసో అమ్మకి ఇప్పుడు అంతే. పక్కపక్కన పెట్టి చూశాను. వేలి కణుపులు, గోళ్ళ ఆకారం, చూపుడువేలు కాస్త మధ్యవేలి మీదకి ఒరగడం, అన్నీ అవే. నువ్వూ పెట్టి చూడు.

అమ్మకి తెలియకుండా ఎలా తీశావని మాత్రం అడక్కు.

కొత్త ఫోటో మరీ నునుపుగా ఉంటుంది, పాతది గరుకు. ఆ గరుకు దీనికి కూడా ఎక్కించు, లేకపోతే వేళ్ళు అతికించినట్టు తెలుస్తాయి. రంగు తీసేసి, పాత ఫోటోలో ఉన్న గోధుమ ఛాయ కలుపు. ప్రింటు తెర కంటె ఎప్పుడూ కొంచెం నల్లగా వస్తుంది, అందుకని తెర మీద కాస్త తేలిగ్గా ఉంచు. మాస్క్ వెయ్యి. కత్తిరించకు.

నీ ఉత్తరం చింపలేదు. చింపాలనిపించలేదు.

మరదలు


దర్జీ కొట్టు
నవంబరు, మొదటి ఆదివారం, కొట్టు మూసి ఉంది కాని నేను లోపలే ఉన్నాను

మరదలా,

అయిపోయింది.

ఎలా అయిందో చెప్పకపోతే కడుపు ఉబ్బుతుంది, విను. ముందు మొహం పెట్టాను. నువ్వు పంపిన నవ్వు మొహం. తల వంపు ఎంత సరిపోయిందంటే, కొలతలు తీసుకోకుండా కుట్టిన చొక్కా మొదటిసారే పట్టినట్టు. మెడకి రెండు వరసల కుట్టు నేనే గీశాను, కుడి భుజం దగ్గర దారం ఛాయ మార్చాను. ఇంత చిన్న సంగతి నీకెలా తెలుసని అప్పుడే అడగాలనుకున్నాను, మర్చిపోయాను. పుట్టుమచ్చ పెట్టాను. రెండుసార్లు ఎక్కువ పెద్దదైంది, అత్త బదులు రౌడీ అయింది, తగ్గించాను.

తర్వాత వేళ్ళు. పద్నాలుగు ఫోటోల్లో తొమ్మిదోది తీసుకున్నాను. చెయ్యి మొత్తం మీద పొర వేసి, ముసుగు కప్పి, మూడు వేళ్ళే బయటికి తీశాను. అరచేతి దగ్గర అతుకు ఎక్కడ రావాలో తెలియలేదు. చేతిగీత వెంబడి కలిపాను, మడతలో అతుకు దాస్తే కనపడదు, అది నా వృత్తి. గరుకు ఎక్కించాను, ఛాయ కలిపాను. వేళ్ళ కింద బుగ్గ మీద సన్నగా నీడ వేశాను, కుడివైపుకి, వెలుతురు ఎడమనుంచి గదా. నీడ పడగానే ఆ వేళ్ళు బుగ్గని పట్టుకున్నాయి. అప్పటిదాకా పక్కన ఉన్నాయి, అంతే.

మీ అక్కని పిలిచి చూపించాను. అతుకెక్కడుందో చెప్పు అన్నాను. చాలాసేపు చూసి, ఏది అతుకు, ఇది మీ నాయనమ్మ ఫోటో కదా అంది. మా నాన్నకి చూపించాను. ఎనభై ఒకటి ఆయనకి, కళ్ళజోడు తుడుచుకుని చూశాడు. కన్నం పడ్డదాన్ని దాచేసి మంచిది ఇన్నాళ్ళూ ఎక్కడ పెట్టావురా దొంగవెధవా అన్నాడు. నేను ఆయన్ని సరిదిద్దలేదు.

చుట్టూ ఆరు చిన్న ఫోటోలు, ఒకే ఖాళీ, ఒకే ఛాయ. అక్షరాల్లేవు. పువ్వుల్లేవు. గులాబీ అసలే లేదు.

ప్రింటు పంపుతున్నాను. ఇది చూపించవచ్చో కూడదో నువ్వే చెప్పు. భయంగా ఉంది. కన్నం అలాగే ఉంటే కనీసం ఆవిడ కోపం నిజమైనదిగా ఉంటుంది. దొంగవేళ్ళు పెట్టి వాళ్ళమ్మని ఇచ్చానంటే ఇంకో నలభై మూడేళ్ళు గోడని చూస్తుందేమో. అన్నేళ్ళు మా ఇద్దరికీ లేవు. గోడకి ఉన్నాయి.

బావ


ఇంటి దగ్గర, నా కుర్చీలోంచి
నవంబరు, రెండో గురువారం

ఒరేయ్ కత్తెరా,

గోడ నీకు ఏదీ సరిగ్గా చేరవెయ్యదని తేలింది కనక కాగితం మీద రాస్తున్నాను.

నీ మొదటి ఉత్తరంనుంచి నేను చదువుతూనే ఉన్నాను. నీ మరదలు ఏదో దాస్తోందని సంచీ వెతికితే, ఎర్రగీతల కింద యాభై రెండు మంది తొక్కుకుంటూ కనిపించారు. ఆ గులాబీ చూడగానే నీ పనే అనుకున్నాను. దాన్ని తిట్టలేదు. దాని ఎర్ర పెన్ను లాక్కుని, పెట్టెలో పెట్టి, నా ఆకుపచ్చ పెన్ను తీశాను. కాలరు నువ్వు తప్పు పెట్టావు, ఊరుకుంటానా. ఆ జాకెట్టు నేను కుట్టుకున్నది. దారం అయిపోయింది నాకే. దర్జీవి, అలాంటి కుట్టు ఎవరికి గుర్తుంటుందో నీకు తెలియద్దూ?

నవ్వు ఫోటో బీరువాలో దాచింది నేను. చెయ్యి కూడా నాదే, ఎవరికీ తెలియకుండా ఎవరూ తియ్యలేదు. నా కూతురు గంటసేపు కిటికీ పక్కన కూచోబెట్టి దిండు బుగ్గ గిల్లించింది. చెయ్యి తిమ్మిరెక్కింది. పద్నాలుగింటిలో తొమ్మిదోదే తీసుకుంటావని నేను దానితో ముందే అన్నాను.

నీ జామెట్రీ బాక్సు ఉత్తరం కూడా చదివాను. నీ మరదలు ఒట్టు వెయ్యలేదు, వేసిందని నీ అంతట నువ్వే అనుకున్నావు. అప్పుడే ఆ ముక్క నాతో చెప్పి ఉంటే చెవి మెలేసి, ఆ మొహం నీకే ఇచ్చి ఉద్యోగానికి వెళ్ళేదాన్ని. నువ్వు గేటు దగ్గర నిలబడి అందరితోపాటు నవ్వావు. నేను పెట్టె పట్టుకుని బస్సెక్కుతుంటే కూడా నవ్వావు. అదిరా నాకు కోపం. వెళ్తున్నానని నీకు బెంగ లేదనుకున్నాను.

ప్రింటు చూశాను. నిన్న పొద్దున్నించీ చూస్తున్నాను. దొంగవేళ్ళని భయపడ్డావు. అవి నా వేళ్ళు, నా వేళ్ళు మా అమ్మ ఇచ్చినవి. దొంగవెలా అవుతాయి?

నీకు తెలియనిది ఒకటి చెప్తాను. ఆ రోజు ఫోటోగ్రాఫరు నల్లగుడ్డలో తల పెట్టి ఉన్నాడు. నువ్వు ఆయన పక్కన నిలబడి, మీ నాన్న తువ్వాలు తల మీద కప్పుకుని, ఆయన ఎలా వంగితే అలా వంగుతున్నావు. అందరూ నవ్వుతున్నారు. నేనొక్కదాన్నే ఉద్యోగం బెంగతో నేలకేసి చూస్తున్నాను. మా అమ్మ నా బుగ్గ పట్టుకుని తిప్పింది. ‘ఆ వెధవని చూడవే’ అంది. అందుకే ఆ చెయ్యి అక్కడుంది. మా అమ్మ చేత్తో నాకు చూపించిన చివరి మనిషివి నువ్వు. నేను నలభై మూడేళ్ళుగా గోడని చూశాను.

ప్రింటు వెనక్కి పంపుతున్నాను. ఒకే ఒక్క తప్పుంది, ఆకుపచ్చ సున్నా చుట్టాను. ఎడమపక్క కింది మూల ఖాళీగా ఉంది. అందరూ అటే చూసి నవ్వుతున్నారు, అక్కడ ఎవరూ లేరు. నవ్వించినవాడు లేకుండా అంతమంది నవ్వుతుంటే పిచ్చివాళ్ళలా ఉన్నాం. అక్కడ నిన్ను పెట్టు. చిన్నప్పటి ఫోటో వెతక్కు, ఇప్పటిదే పెట్టు, మెడలో టేపు వేసుకున్నది. కత్తిరించకు.

ఇకమీదట టీలో పంచదార ముందే సరిగ్గా వెయ్యి. ఇది గోడతో అనట్లేదు.

అత్త


దర్జీ కొట్టు, కుట్టుమిషను పక్కన
నవంబరు, మూడో మంగళవారం

అత్తా,

నీ ఉత్తరంలో మొదటి రెండు మాటలు చదివి, మిగతాది మీ కోడలికి ఇచ్చి చదవమన్నాను. అక్షరాలు నీళ్ళలో పెట్టినట్టు కనిపించాయి, కళ్ళజోడు మార్చాలి. ఆవిడ చదువుతుంటే మధ్యలో సెలూన్ ఆయన వచ్చి, ఎందుకు ఏడుస్తున్నావన్నాడు. నవ్వుతున్నానని చెప్పాను. నమ్మలేదు. ఈసారి నిజంగానే నవ్వుతున్నాను, కాని ఆయనకి నా అలవాటు తెలుసు.

మూలలో నన్ను పెట్టాను. సెలూన్ ఆయనే ఫోటో తీశాడు. తల మీద తువ్వాలు వేసుకున్నాను, మెడలో టేపు ఉంది. కత్తిరించలేదు, ముసుగే వేశాను. పాత ఛాయ కలిపాను, గరుకు ఎక్కించాను. ఒక్క తువ్వాలు మాత్రం చివరికి తీసేశాను. తీసేస్తే ఎడమనుంచి వచ్చే వెలుతురు నా బట్టతల మీద పడి, అక్కణ్ణుంచి మీ అందరి మొహాల మీదకీ వెళ్తున్నట్టుంది. వెలుతురు లెక్క సరిపోయిందో లేదో మరదల్ని అడుగు. దాని ఎర్ర పెన్ను దానికి ఇచ్చెయ్యి.

ఇప్పుడు చూస్తే నాయనమ్మ నీ బుగ్గ పట్టుకుని తిప్పుతున్నది సరిగ్గా నా వైపే.

ఫ్రేము కట్టించాను. నీ పుట్టినరోజుకి పొద్దున బస్సుకి మీ కోడలూ నేనూ నాన్నా వస్తున్నాం. మేకు గోడకి నేనే కొడతాను. మెలెయ్యడానికి చెవులు రెండూ తెస్తున్నాను.

కత్తెర